నలుగురూ చూడాలనుకోవడంలో తప్పేముంది?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. ఆ ఊళ్లోని బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు దాని గర్భంలో మూడు రాతి పేటికలు, వాటితోపాటు స్ఫటిక భరిణె, బంగారు పూలు దొరికాయి. పేటికల రాళ్ల మీద అక్షరాలున్నాయి. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు వాటిని చదివాడు. రెండు వేల ఏళ్లు దాటిన రాత కదా, అందులో ధర్మోపదేశం ఉంటుందనుకుంటాం. ఉన్నవి చాలావరకు పేర్లు. కుర అనే అతను, కుర తండ్రి, కుర తల్లి కలిసి పేటిక చేయించారని ఒకచోట ఉంది. కుబేరకుడనే రాజు ప్రస్తావన మరోచోట. ఇంకోచోట సంఘ సభ్యుల పేర్లు వరసగా, ఒకరి తర్వాత ఒకరివి. ‘నేను’ అనేదే భ్రమ అని బోధించిన మహానుభావుడి ధాతువుల పక్కన ‘ఇది చేయించింది మేము’ అని చెక్కించుకున్నారన్నమాట. అదీ ఎక్కడ? ఇటుకలతో కప్పేసి మళ్లీ ఎవరూ తెరవని చోట. పుణ్యం తమ ఖాతాలో పడాలంటే పేరుండాలని వాళ్లు నమ్మి ఉండొచ్చు. అలా అనుకున్నా, చేసిన పని ఎవరిదో ఎక్కడో ఒకచోట నమోదు కావాలన్న తపన అందులో ఉంది. ఈ రోజుల్లో గుళ్లో ఫ్యాను రెక్కల మీద, ట్యూబ్‌లైటు మీద వెలుగు రానంత లావుగా తమ పేరు రాయించే దాతలను చూసి నవ్వుతాం. నవ్వొచ్చు, తప్పులేదు. వాళ్లు భట్టిప్రోలు దాతల వారసులన్న సంగతి మాత్రం మరవకూడదు.

నలుగురి కంటా పడాలని, నలుగురి నోటా తన పేరు వినాలని మనిషికి ఉంటుంది. దాన్ని ఒప్పుకోవడానికే మనకు ఎక్కడలేని మొహమాటం. ఎవరైనా ఒకడుగు ముందుకేస్తే పేరు పిచ్చి అంటాం, షో చేస్తున్నాడంటాం, బిల్డప్ అంటాం, ఓవర్ యాక్షన్ అంటాం. పిల్లవాడు పదిమందిలో పాట పాడతానంటే ముచ్చటపడే ఇల్లే, వాడికి పద్దెనిమిదేళ్లు వచ్చాక అదే పని చేస్తే ‘నీకెందుకురా ఇవన్నీ’ అంటుంది. ఈ తిట్లన్నీ దగ్గరుంచుకున్న మనమే తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అని పిలుచుకుని మురిసిపోతాం. గోవిందరాజుల సుబ్బారావు, జగ్గయ్య, గుమ్మడి, బుర్రిపాలెం కృష్ణ మా ప్రాంతం వాళ్లేనని ఎక్కడికెళ్లినా చెప్పుకుంటాం. పదిమంది చూపు కోరుకోవడం లోపమే అయితే ఈ ప్రాంతం గొప్పగా చెప్పుకునే పేర్లలో సగం లోపాల జాబితాలో చేరాలి. ఆ కోరిక మనతోపాటు పుట్టిందేనని, సిగ్గుపడాల్సింది కాదని ఒప్పుకోవాలన్నది ఈ వ్యాసం వాదన. ఒప్పుకుంటే దాన్ని మర్యాదగా కోరుకోవడం, న్యాయంగా పంచుకోవడం నేర్చుకోగలం. ఒప్పుకోనంత కాలం అది దొడ్డిదారిన, బలమున్నవాళ్ల వెంటే తిరుగుతుంది.

ఇది పుట్టుకతో వచ్చేదే అనడానికి రుజువు పసిబిడ్డ దగ్గరే దొరుకుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. తల్లి నెలల బిడ్డతో మామూలుగా ఆడుకుంటూ ఉంటుంది. తర్వాత కాసేపు బిడ్డ ఎదురుగానే, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది. తల్లిలో కదలిక లేకపోయేసరికి ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. ఆ బిడ్డకు ఆకలి లేదు, జ్వరం లేదు, ఎవరూ కొట్టలేదు. తనను చూడాల్సిన కళ్లు చూడడం లేదు, అంతే. పెద్దవాళ్ల విషయంలోనూ ఇలాంటి ఆధారమే ఉంది. 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి, తెర మీద మరో ఇద్దరితో బంతి విసిరే ఆట ఆడించింది. కాసేపటికి ఆ ఇద్దరూ వీళ్లకు బంతి ఇవ్వడం మానేశారు. డబ్బు పోలేదు, పరువూ పోలేదు. అయినా శరీరానికి నొప్పి కలిగినప్పుడు స్పందించే మెదడు భాగాల్లో కొన్ని స్పందించాయి. ఆ ఫలితానికి పూర్తి అర్థమేమిటన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు, అది వాళ్ల పని. తనను పట్టించుకోకపోతే మనిషి నొచ్చుకుంటాడన్న సంగతి పెళ్లిలో పిలుపు సరిగ్గా అందని మేనమామను చూసినవాళ్లకెవరికైనా తెలుసు. ఆర్థిక శాస్త్రానికి ఆద్యుడనుకునే ఆడమ్ స్మిత్ 1759 నాటి పుస్తకంలోనే ఈ మాట పట్టుకున్నాడు. పేదవాణ్ని కుంగదీసేది లేమి ఒక్కటే కాదని, జనం మధ్య నడుస్తున్నా తనను ఎవరూ గమనించకపోవడమని ఆయన వాదన.

స్మిత్ దాకా పోనక్కర్లేదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే పెద్ద లైను మీదే చుండూరు ఉంది. 1991 జూలైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగిలిందన్న గొడవతో మొదలై, దళితవాడ మొత్తాన్ని వెలివేసే దాకా పోయింది. ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. 2007లో ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఇక్కడ చూడాల్సింది వెలి అనే ఆయుధాన్ని. వెలివేయడమంటే పని ఇవ్వకపోవడం, సరుకు అమ్మకపోవడం, దాంతోపాటు పలకరించకపోవడం, ఎదురొచ్చినా మనిషి కనపడనట్టు పోవడం. కూలి ఆగిన బాధ ముందు పలకరింపు ఆగిన బాధ ఎంత అని ఎవరైనా అడగొచ్చు. ఆ రెండూ వేరు వేరు దెబ్బలు. రెండో దెబ్బ తగలదనుకుంటే శతాబ్దాలుగా మన ఊళ్లు దాన్ని శిక్షగా వాడేవే కావు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సామాజిక బహిష్కరణను నేరాల జాబితాలో స్పష్టంగా చేర్చారు. తోటివారి గుర్తింపు కోరుకోవడం వట్టి డాబే అయితే, దాన్ని నిరాకరించడాన్ని చట్టం నేరమనడం దేనికి?

మనలో ఇంకో విచిత్రం ఉంది. ఒక్కడు కోరుకుంటే పేరు పిచ్చి అయ్యేది, లక్షలమంది కలిసి కోరుకుంటే ఆత్మగౌరవం అవుతుంది. 1913 మే నెలలో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. బి.ఎన్. శర్మ అధ్యక్షుడు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రావడం లేదని, ఉద్యోగాల్లో వెనకబడ్డామని, బయటివాళ్ల దృష్టిలో అందరం మద్రాసీలమేనని ఆనాటి చదువుకున్నవారి ఆవేదన. ఆ ఉద్యమానికి ఆర్థిక కారణాలున్నాయి, రాజకీయ కారణాలున్నాయి. వాటన్నిటి అడుగున ఉన్నది ‘మేమూ ఉన్నాం, మమ్మల్ని చూడండి’ అన్న మాటే. 40 ఏళ్ల తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బాపట్ల సభను ఎవరూ ఓవర్ యాక్షన్ అనలేదు కదా. మరి అదే మాట ఇంట్లో కోడలు అంటే, ఆఫీసులో అటెండరు అంటే, రేపల్లె దాటి నిజాంపట్నం రేవులో చేపలు ఎండబెట్టే మనిషి అంటే ఎందుకు నవ్వొస్తుంది?

చూపు కోరుకునే మనిషిని ఈ ప్రాంతం ఒకప్పుడు ఎంత గౌరవంగా, ఎంత కఠినంగా చూసుకుందో తెలియాలంటే స్త్రీ పాత్రల నటుడు స్థానం నరసింహారావు దగ్గరికి వెళ్లాలి. 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా రంగమెక్కారు. మరుసటి ఏడాది తెనాలి రామవిలాస సభలో చేరారు. రోషనార, చిత్రాంగి, మధురవాణి వంటి వేషాలు వేశారు. అన్నిటికీ మించి సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు రాసిన ‘శ్రీకృష్ణ తులాభారం’ కథ అందరికీ తెలిసిందే. మొగుడి చూపు మొత్తం తనవైపే ఉండాలనుకున్న ఇల్లాలు, దానికోసం ఏమైనా చేస్తుంది, నగలన్నీ తక్కెట్లో పోసి చివరికి రుక్మిణి వేసిన ఒక తులసి దళం ముందు ఓడిపోతుంది. నీతి కోసమైతే ఆ ఆఖరి అంకం ఒక్కటి చాలు. జనం రాత్రంతా మేలుకుని కూర్చున్నది తులసి దళాన్ని చూడడానికి కాదు. సత్యభామ నడక, అలక, జడ తిప్పే తీరు, నన్ను చూడకుండా ఎక్కడికి పోతావన్న ఆ ధీమా చూడడానికి వచ్చారు. నీతి రుక్మిణి పక్షాన, టికెట్టు డబ్బులు సత్యభామ పక్షాన. తమలో ఉన్నదీ, పైకి చెప్పుకోలేనిదీ ఆమె నోట విని ఆ జనం ఊపిరి పీల్చుకున్నారనుకోవడంలో అతిశయోక్తి లేదు. 1956లో ప్రభుత్వం స్థానానికి పద్మశ్రీ ఇచ్చింది. చూపు కోరుకునే స్త్రీని అద్భుతంగా చూపించినందుకు ఒక పురుషుడికి దక్కిన గౌరవం అది. అదే కాలంలో నిజంగా స్త్రీ రంగమెక్కితే లోకం ఏమందో తెలిసిందే. ఆడవాళ్లు నలుగురి కంటా పడాలనుకోవడం ఇప్పటికీ మగవాళ్ల విషయంలోకంటే పెద్ద తప్పుగా లెక్క. వీడియోలు పెట్టుకునే అమ్మాయి కింద వచ్చే వ్యాఖ్యలు చదివితే, సత్యభామకు చప్పట్లు కొట్టిన తాతల మనవలు వీళ్లేనా అనిపిస్తుంది.

ఆ రంగస్థలానికి ఒక కట్టుబాటు ఉండేది. నటుడు చూపు కోరుకునేవాడు, దానికి వెల చెల్లించేవాడు. ఏళ్ల తరబడి రాగం సాధన, పద్యం మీద పట్టు, చీర కుచ్చెళ్లు ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడం, ఇదంతా వెలే. బాగుంటే వన్స్ మోర్, బాగోకపోతే ఈలలు, గోల. తెనాలి ప్రేక్షకుణ్ని మెప్పించడం కష్టమన్న పేరుండేది. ఆ చూపు ఎంత కావాలో అంత దొరికేది కాదు, ఎంతకు అర్హుడో అంతే దొరికేది. ఇక్కడే పెద్ద ఆక్షేపణ ఒకటి వస్తుంది: ఆ వన్స్ మోర్లే కదా నాటకాన్ని చెడగొట్టాయి? నిజమే, చెడగొట్టాయి. చచ్చిపడిన పాత్ర చప్పట్లకు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేదని పాతతరం నవ్వుతూ చెప్పుకునేది. రాగం ఎంత సాగదీస్తే అంత గొప్ప అన్నట్టు నటులు పోటీ పడి కథను గాలికొదిలేసిన మాటా నిజమే. అయితే నాటకాన్ని ప్రేమించినవాళ్లు దానికి ఏం మందు వేశారు? చప్పట్లు నిషేధించలేదు. 1929లో వనారస గోవిందరావు పూనికతో తెనాలిలోనే ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. తర్వాతి కాలంలో పరిషత్తులు పోటీలు పెట్టాయి, న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టాయి, ఉత్తమ నటుడు, ఉత్తమ రచన, ఉత్తమ ఆహార్యం అని బహుమతులిచ్చాయి. తెర వెనక దీపాలు చూసేవాడికీ, రంగు వేసేవాడికీ ఒక పేరు, ఒక పిలుపు దక్కే పద్ధతి అలా పెరిగింది. చప్పట్ల ఆశను చంపకుండా దానికి మంచి గురి చూపించారు. ఇంతకంటే తెలివైన పని నాకు తోచదు.

వినయం మన సంప్రదాయం కదా అనేవాళ్లున్నారు. పోతన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్నాడు, త్యాగయ్య తంజావూరు రాజు పిలుపును కాదన్నాడు, వాళ్ల వారసులం మనం చప్పట్లకు పాకులాడతామా అని. ఈ ఆక్షేపణకు విలువ ఉంది, తోసేయలేం. కాకపోతే ఆ ఉదాహరణలను చివరిదాకా చదవాలి. రాజును కాదన్న పోతన భాగవతం మొదట్లో తన వంశం చెప్పుకున్నాడు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ అని మనకు తెలిసింది ఆయన చెప్పబట్టే. ఆయన రాసిన స్కంధాల చివరి గద్యంలో ఆయన పేరుంటుంది. త్యాగయ్య కీర్తనల్లో చివర తన పేరు ముద్రగా ఉండనే ఉంది. ముద్ర ఆనాటి ఆనవాయితీ మాత్రమే అంటారా? ఆ ఆనవాయితీ ఎందుకు పుట్టిందో ఆలోచించండి. వాళ్లు కాదన్నది అధికారం తమను కొనడాన్ని. వినేవాడికి, చదివేవాడికి తమ పేరు తెలియడాన్ని కాదనలేదు. ఎవరి చూపు కావాలో, ఏ వెలకు కావాలో తేల్చుకున్నారు. గీత చెప్పిన ఫలాపేక్ష లేని కర్మ సంగతీ అంతే. అది సాధకుడు తనకు తాను పెట్టుకునే నియమం. ఎదుటివాడికి ఇవ్వాల్సిన గుర్తింపును ఎగ్గొట్టడానికి దాన్ని అడ్డం పెట్టుకోవడం ఎక్కువైంది. జీతం పెంచమని అడిగినవాడికీ, పేరు వేయమని అడిగినవాడికీ ‘కర్మణ్యే...’ అని వినిపించే యజమాని తన పేరు మాత్రం బోర్డు మీద నియాన్ లైట్లతో పెట్టించుకుంటాడు.

పేరు లేకుండా పని చేసినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు దాసరి సుబ్రహ్మణ్యాన్ని తలుచుకోకపోతే అన్యాయం. తెనాలి తాలూకాలో 1932లో పుట్టారు. యాభయ్యేళ్లకు పైగా ‘చందమామ’లో పనిచేశారు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు... ఇలా 12 ధారావాహికలు రాశారు. వచ్చే నెల సంచిక కోసం ఎన్ని లక్షల మంది పిల్లలు గుమ్మాల్లో ఎదురుచూశారో లెక్కలేదు. అచ్చయిన చోట ఆయన పేరు లేదు. బొమ్మల మూల చిత్రా సంతకం, శంకర్ సంతకం ఉండేవి. అందుకే ఆ చిత్రకారులు పిల్లలకు తెలుసు, కథ చెప్పినాయన తెలియదు. ఆ పత్రికను నడిపిన చక్రపాణిదీ, అందులో అవిశ్రాంతంగా రాసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. పత్రికకు ఒకే గొంతు ఉండాలన్న ఆలోచనతో ఆ పద్ధతి పెట్టుకున్నారనుకుంటే, చందమామ భాష ఆ సంపాదకీయ క్రమశిక్షణ వల్లే అంత తేటగా వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. కానీ అప్పటి పాఠకులు పెద్దవాళ్లై, తలలు నెరిశాక ఎవరో చెబితే ఆ కథల రచయిత ఫలానా అని తెలుసుకుని వెతుక్కుంటూ పోయారు. ఆయనకు పేరు కావాలని ఉండేదో లేదో ఊహించడం మన పని కాదు. పేరు తెలియకపోవడం వల్ల మనం కోల్పోయింది మాత్రం లెక్కకు వస్తుంది. తెలుగులో పిల్లల నవల అన్నప్పుడు చెప్పుకోవాల్సిన మొదటి వరస పేరు అరవై ఏళ్లు మన పాఠాల్లో లేదు, మన చర్చల్లో లేదు. ఒక్క సంతకం ఉంటే చందమామ గొంతు మారిపోయేదంటే నమ్మలేను.

ఇక ఇప్పటి సంగతి. ఫోను పట్టుకున్న ప్రతివాడూ నటుడేనని, రైలు పట్టాల మీద, సూర్యలంక అలల్లో ప్రాణాల మీదకు తెచ్చుకుంటున్నారని, ఈ కోరికను ఒప్పుకోవాలని రాస్తే అగ్గికి ఆజ్యం పోసినట్టేనని అంటారు. భయం సబబైందే. 2020 జూన్‌లో కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. కారణం దేశ భద్రత అయినా, పీడ విరగడైందని సంతోషించిన పెద్దలు మన ఊళ్లలో చాలామంది. నెల తిరక్కుండా ఆ వీడియోలు ఇంకో చోటికి మారాయి. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది. ఈరోజు ఏ సెంటర్లో నిలబడినా ఫ్లెక్సీల సంగతి కళ్లకు కనపడుతూనే ఉంది. ఆకలితో ఉన్నవాడి ముందు నుంచి విస్తరి లాగేస్తే ఆకలి పోదు, వాడు ఇంకో బంతికి పోతాడు. ఫ్లెక్సీని ఒకసారి నిదానంగా చూడండి. మధ్యలో నాయకుడు నిలువెత్తున ఉంటాడు. కింద వరసలో వేలెడంత ముఖాలతో పదిమంది కుర్రాళ్లు ఉంటారు. చాలాచోట్ల దానికి డబ్బులు పెట్టింది ఆ కింద వరసవాళ్లే. తమ ముఖం తమ ఊరి సెంటర్లో కనపడాలంటే వాళ్లకు మనం వదిలిన దారి అదొక్కటే: ఒక పెద్దమనిషి పాదాల దగ్గర. కబడ్డీ బాగా ఆడితే, వరదలో పదిమందిని ఒడ్డు చేర్చితే, ఇంటర్‌లో ఫెయిలై మళ్లీ కూర్చుని పాసైతే వాళ్ల ముఖం ఎక్కడ కనపడుతుంది? సహజమైన కోరికకు మర్యాదైన దారులు మూసేస్తే అది అధికారం నీడలో దూరుతుంది. మన రాజకీయాల్లో భజన ఇంత పెరగడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఫోనుకూ రంగస్థలానికీ తేడా లేదని నేను అనను. రంగస్థలం ముందు కూర్చున్న జనానికి ముఖాలున్నాయి. వాళ్లు గోల చేస్తే నటుడికి తెలిసేది, మరుసటి నాటకానికి సవరించుకునేవాడు. తెర మీద కనపడే అంకెకు ముఖం లేదు, మందలింపు లేదు, దాహం తీర్చే గుణం అసలే లేదు. వేలమంది చూశారన్న అంకె పక్కింటివాడు భుజం తట్టి ‘బాగా పాడావురా’ అన్న మాటకు సరిరాదు. అందుకే ఈ కోరికను ఒప్పుకోవాలనడం. పక్కింటివాడు ఆ మాట అనడానికి సిగ్గుపడకపోతే, కుర్రాడు వినాలనుకోవడానికి సిగ్గుపడకపోతే, ఆ అంకె మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. ఇది కుర్రాళ్ల సంగతే కాదు. కొడుకులు అమెరికాలో, కూతుళ్లు హైదరాబాద్‌లో ఉన్న డెల్టా ఇళ్లలో ముసలివాళ్లు చెప్పిందే చెబుతుంటే చాదస్తం అంటాం. వాళ్లకు కావాల్సింది కొత్త కబురు కాదు, కాసేపు వినే మనిషి.

అందరూ చూడమంటే చూసేవాళ్లెవరన్నది చివరి ఆక్షేపణ. చూపు తక్కువై ఈ కొరత రాలేదు, పంపకం వల్ల వచ్చింది. సభ జరిగితే వేదిక మీదున్నవాళ్ల పేర్లు ప్రతి వక్తా మొదట్నుంచీ చదువుతాడు. అందుకు అరగంట పోతుంది. కుర్చీలు వేసినవాళ్ల పేర్లకు అర నిమిషం ఉండదు. కాలువ పూడిక తీస్తే పార పట్టిన నాయకుడి ఫొటో పత్రికల్లో వస్తుంది. మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డ కూలీలు అదే ఫొటోలో ఉంటారు, కింద వాళ్ల పేర్లుండవు. ఇందులో మా పత్రికల వాటా చిన్నదేమీ కాదు. తెనాలి శిల్పులు పోతపోసిన, ఇనుప తుక్కుతో కూర్చిన విగ్రహాలు రాష్ట్రమంతటా, బయటా నిలబడ్డాయి. వాటి దిమ్మెల మీద ఆవిష్కరించినవారి పేరు పెద్ద అక్షరాల్లో కనపడుతుంది. శిల్పి పేరు కోసం చాలాచోట్ల వెతుక్కోవాలి. ఇవన్నీ ఖర్చు లేకుండా మార్చగలిగినవే. పురపాలక సంఘాలు దిమ్మె మీద శిల్పి పేరు తప్పనిసరి చేయవచ్చు. బడి వార్షికోత్సవాల్లో చదువులో మొదటి ముగ్గురితో ఆపకుండా ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లవాణ్నీ ఏదో ఒక పనికి ఒక్కసారైనా వేదిక ఎక్కించవచ్చు. జిల్లా పేజీల్లో ఫొటో కింద అందరి పేర్లూ వేయవచ్చు. వచ్చే ఆగస్టు 15న బళ్లోనో, ఆఫీసులోనో జెండా ఎగరేసే అతిథి పేరు మైకులో ఎటూ మూడుసార్లు చెబుతారు. తెల్లవారకముందే వచ్చి ఆ జెండా కట్టిన అటెండరు పేరు ఒక్కసారి చెప్పండి, అదీ ఆయన అక్కడ నిలబడి వింటుండగా.